నందిగామలో ఆగిన లారీ

డ్రైవర్ ప్రేమదాసు లారీ తాళం తిప్పాడు. అది గిర్రున తిరిగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఇంకా సుఖంగా తిరిగింది. డాష్‌బోర్డు మీద ఒక్క లైటు వెలగలేదు.

"ఇగ్నిషన్ స్విచ్ పోయిందమ్మాయ్," అన్నాడు.

కృష్ణప్రియ క్యాబిన్‌లోకి తొంగి చూసింది. రెడ్డిగూడెంలో తెల్లారగట్లే బయల్దేరారు. పందెం గిత్తలకు నీళ్లు పెడదామని నందిగామలో లారీ వెనకభాగాన్ని మట్టిగట్టుకు ఆనించి వాటిని దించారు, అంతే. జగ్గయ్యపేటలో మధ్యాహ్నం బండలాగుడు పందెం, పాలపళ్లు ఊడి రెండు పళ్లే కొత్తగా వచ్చిన గిత్తలకు పెట్టే రెండు పళ్ల విభాగం. ఆ జతను దూడలప్పటి నుంచి సాకింది ఆమే. వచ్చే ఏటికి వాటికి నాలుగు పళ్లొస్తాయి, ఇక ఈ విభాగంలోకి రానివ్వరు. వాటికి ఇదే మొదటి ఏడు, ఇదే ఆఖరి ఏడు.

వేరే బండి మాట్లాడదామన్నాడు తండ్రి కృష్ణయ్య. పందెం పూట ఎడ్లనెక్కించే బండ్లు ఖాళీగా దొరుకుతాయా? అన్నీ ఎప్పుడో జగ్గయ్యపేట చేరిపోయాయి.

కృష్ణప్రియ ఆటో ఎక్కి ఊళ్లోకి పరిగెత్తింది. స్పేర్‌పార్టుల కొట్టతను అటకంతా గాలించి, దుమ్ము దులిపి, అలాంటి స్విచ్చే ఒకటి తీసిచ్చాడు. ఆమె తిరిగొచ్చేసరికి ప్రేమదాసు బ్యాటరీ వైరు విప్పి సిద్ధంగా ఉన్నాడు.

"ఆగు బాబాయ్, ఫోటో తీసుకోనీ. ఏ వైరు ఎక్కడిదో తర్వాత తెలియదు."

"ఈ లారీ వైర్లకు ఫోటోలా? నాకు తెలీదా!" అని గొణిగాడు గానీ, పాత స్విచ్ ఊడి చేతిలోకొచ్చాక ఎర్రవైర్లు రెండూ ఒకేలా కనబడి, "ఏదమ్మాయ్, ఆ ఫోన్ ఇటు పట్టు," అన్నాడు. ఒక్కో వైరూ తీసి కొత్తదానికి బిగించారు. బ్యాటరీ కలిపారు. తాళం తిప్పగానే ఎర్రలైటు వెలిగింది. కృష్ణప్రియ ఎగిరి గంతేసింది.

"ఆగండి, ఆగండి," అంటూ కృష్ణయ్య క్యాబిన్‌లోకి దూరాడు. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా వాడితే ఆయనకు అన్నం సయించదు. స్విచ్‌కు కుంకుమ పెట్టాడు, దండం పెట్టాడు, నిమ్మకాయల దండను చేతికందిన పిడికి తగిలించాడు. "ఊఁ, కానీ దాసూ!"

ఇంజిన్ కుర్రోకుర్రోమంది. అందుకోలేదు. మళ్లీ కుర్రోకుర్రో. ఎన్నిసార్లు తిప్పినా అదే ఏడుపు. చివరికి బ్యాటరీ నీరసపడి టిక్కుమని ఊరుకుంది.

అప్పుడు కృష్ణప్రియ కళ్లు నిమ్మకాయల మీద పడ్డాయి. పాత లారీల్లో ఇంజిన్‌ను ఆపేది తాళం కాదు, పిడి. దాన్ని బయటికి లాగితే డీజిల్ ఆగుతుంది. మళ్లీ లోపలికి నొక్కితేనే ఇంజిన్ అందుకుంటుంది. ప్రేమదాసు నిద్రలో అడిగినా చెబుతాడు ఈ సంగతి. కానీ ఇక్కడ లారీ ఆపినప్పుడు బయటికి లాగిన ఆ పిడి ఇప్పుడు కనబడితే కదా! దాని నిండా దేవుడే ఉన్నాడాయె.

"నాన్నా, ఎంత పని చేశావ్!"

కృష్ణయ్య మొహం మాడిపోయింది. దండ తీసి, పిడి నొక్కారు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గరున్న నలుగురూ వచ్చి తోశారు. లారీ ముందుకు దొర్లిందే గానీ ఆ నడకకు ఇంజిన్ లేవలేదు.

కృష్ణప్రియ గిత్తల వంక చూసింది. కాడీ గొలుసూ ఎటూ లారీలోనే ఉన్నాయి.

"వద్దు," అన్నాడు కృష్ణయ్య, ఆమె నోరు తెరవకముందే. "పందేనికి ముందు వాటి కాళ్లల్లో బలం తీసేస్తావా?"

"ఇక్కడే నిలబెడితే ఆ బలం ఎందుకు నాన్నా, చూసుకోడానికా?"

కాడి కట్టారు. గొలుసు బిగించారు. కృష్ణప్రియ పగ్గాలు పట్టి "హేయ్!" అని ఒక్క కేక పెట్టింది. గిత్తలు మెడలు వంచి ముందుకు దూకాయి. లారీ కదిలింది, జోరందుకుంది! టీ కొట్టు జనం గ్లాసులు వదిలేసి వెంట పరిగెత్తారు. ప్రేమదాసు క్లచ్ వదిలాడు. లారీ ఒక కుదుపు కుదిపి, నల్లటి పొగ కక్కి, ఒక్కసారిగా గర్జించింది. గిత్తల మీదికి దూకకుండా అతను వెంటనే బ్రేకు తొక్కాడు గనక సరిపోయింది. కృష్ణప్రియ నడిరోడ్డు మీద ఈల వేసింది. తండ్రి ముందు ఆమె ఈల వేయడం అదే మొదలు.

గిత్తలను మళ్లీ ఎక్కించుకుని జగ్గయ్యపేట చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. కమిటీ పెద్ద తల అడ్డంగా ఊపాడు. "పిలిచి పిలిచి మీ పేరు కొట్టేశామమ్మా. ఆఖర్న ప్రదర్శనగా లాగించుకోండి. బహుమతి మాత్రం ఉండదు."

చందర్లపాడు బసవయ్య జతది మొదటి స్థానం. గడువు గంట మోగేసరికి ఆ జత లాగిన బండ ఆగిన చోట ఎర్రజెండా పాతి ఉంది.

"పోదాం పదమ్మా, అలసిపోయాయి," అన్నాడు కృష్ణయ్య.

"లాగిద్దాం నాన్నా. ఇంకో ఏడు లేదు వీటికి."

బండ కదిలింది. జనం ముందు పట్టించుకోలేదు. సగం దాటాక లేచి నిలబడ్డారు. జెండా దగ్గరికొచ్చేసరికి గిత్తల ముక్కులు బుసలు కొడుతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి. ఆగాయి. "నా తల్లే, నా తండ్రే, ఒక్క పట్టు!" అని అరిచింది కృష్ణయ్యే. గిత్తలు పట్టు పట్టాయి. బండ జెండాను దాటేసింది! గంట మోగేదాకా ఆగలేదు.

బసవయ్య కుర్చీలోంచి లేచాడు. తన జెండాను తానే పీకి, బరి మధ్యలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆమె బండ ముందు గుచ్చాడు.

"కప్పు నాకే ఇస్తారమ్మాయ్, తీసుకుంటా," అన్నాడు రొప్పుతూ. "జెండా మాత్రం ఇక్కడే ఉంటది."