పది రోజుల్లో అలవాటవుతుంది

కళ్ళద్దాల కొట్టాయనకు మనుషుల పేర్లు గుర్తుండవు, నంబర్లు గుర్తుంటాయి. దారిలో ఎవరైనా పలకరిస్తే చాలు, "ఆఁ, మైనస్ రెండున్నర! బాగున్నారా?" అనేవాడు. భార్యను మొట్టమొదటిసారి చూసిన రోజు కూడా ముఖం కంటే ముందు ముక్కు మీది కళ్ళజోడే చూసి, కుడికన్ను మూడున్నర, ఎడమకన్ను నాలుగు అని మనసులో అంచనా కట్టాడట. ఆ అంచనా పావు కూడా తప్పలేదని ముప్ఫయ్యేళ్ళపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆవిడ పక్కన నిలబడి ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది. ఆవిడ పోయి మూడు నెలలైంది.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. నోరే కాస్త దురుసు. కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్ళు రెండోరోజే వచ్చి "నేల ఎగుడుదిగుడుగా ఉందండీ, తల పోటండీ" అంటే తలెత్తేవాడు కాదు. "పది రోజులు ఓపిక పట్టండి. అలవాటవుతుంది" అనేవాడు. నిజం చెప్పొద్దూ, చాలామందికి అయ్యేది కూడా. కానివాళ్ళు మళ్ళీ వస్తే అప్పుడు చూసేవాడు.

ఊళ్ళోని సేవాక్లబ్బులో ఆయన పాత సభ్యుడు. నాలుగేళ్ళ కిందట ఒక ఏడాది అధ్యక్షుడిగానూ చేశాడు. జనం వాడేసి పక్కన పడేసిన కళ్ళజోళ్ళు పోగుచేసి, కొనుక్కోలేనివాళ్ళకు పంపించే పని ఆ ఏడాది ఆయన మొదలుపెట్టిందే. బేకరీలో, పోస్టాఫీసులో, ఆసుపత్రి గుమ్మంలో చెక్క పెట్టెలు పెట్టించాడు. వాటితోపాటు ఒక నియమమూ పెట్టాడు: పెట్టెలో పడ్డ జోడుకు ఇంటిపేరు ఉండదు, ఎవరడిగినా వెనక్కివ్వకూడదు. ఒకసారి బేకరీ క్యాషియరమ్మ ఏడుస్తూ వచ్చి, పొరపాటున వాళ్ళమ్మ అద్దాలు పెట్టెలో పడిపోయాయి, ఒక్కసారి వెతుక్కోనివ్వండి అని బతిమాలింది. ఈయన నలుగురి ముందూ ఆవిడకు సేవ గురించి పావుగంట పాఠం చెప్పి పంపించాడు. పాపం, ఆవిడ మళ్ళీ నోరెత్తలేదు.

ఇప్పుడు ఆయన గతే అలా అయింది.

భార్య పోయిన వారానికి, చుట్టూ జనం ఉన్నారన్న బింకంతో, "అమ్మవన్నీ ఎవరికైనా పనికొచ్చేలా ఇచ్చెయ్" అని కూతురికి చెప్పాడు. నెల తిరిగేసరికి ఇల్లు బావురుమంది. ఒక మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని, "అమ్మ కళ్ళజోడేదమ్మా?" అనడిగాడు.

"పెట్టెలో వేశాను నాన్నా" అంది కూతురు.

"అదెందుకు వేశావే!"

"నువ్వే కదా ఇచ్చెయ్యమన్నావు." ఇంకేదో చెప్పబోయినట్టుంది. ఏం తోచిందో, లేచి గిన్నెలు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఆ పాటికే పెట్టెలన్నీ క్లబ్బు హాలుకు చేరి, సంచుల్లోకి ఒంపేసి ఉన్నాయి. ఆ ఏడాది దేశదేశాల పిల్లల శిబిరం ఆ ఊళ్ళోనే పెట్టారు. పదకొండు దేశాల నుంచి ఇరవైనలుగురు కుర్రకారు, పది రోజులు. అందరూ కలిసి ఆ మూడువేల జతలూ కడగాలి, పవరు చదవాలి, చీటీ రాయాలి, సంచుల్లో పెట్టాలి. పదోరోజు మధ్యాహ్నం వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. అవి ఏ దేశానికి వెళతాయో, ఎవరి ముక్కు మీద కూర్చుంటాయో ఇక అంతు చిక్కదు. అంటే ఆయన చేతిలో ఉన్నది పది రోజులు. వెతుకుతున్నానని ఎవరికీ చెప్పలేడు. ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

"పిల్లల పనికి పెద్ద తల ఒకటి ఉండాలి" అని పవరు చదివే యంత్రం దగ్గర తనే కుర్చీ వేసుకున్నాడు. ఇప్పటి అధ్యక్షుడు, ప్రింటింగ్ ప్రెస్సాయన, పొంగిపోయాడు. "భార్య పోయిన బాధ దిగమింగి సేవలో మునిగారు చూడండి" అంటూ ప్రారంభసభలో అరగంట మాట్లాడాడు. మాస్టారు తల దించుకున్నాడు. శిబిరం పిల్లలు మొదటిరోజే ఆయనకు తగిలించిన పేరది, మాస్టారు.

ఫ్రేము చూసి గుర్తుపట్టే వీలు లేదు. గోధుమరంగు ఫ్రేము, ఆ రకం ఊళ్ళో సగంమందికి ఆయనే అమ్మాడు. ఆవిడకు చదువుకునేటప్పుడు ఎడమ కాడ చివర కొరికే అలవాటుండేది, "ఎలకవా ఏంటి?" అని కసిరేవాడు కూడా. కానీ కాడ కొరికినవాళ్ళ జోళ్ళు సంచికి పది తేలుతున్నాయి. మిగిలింది నంబరు. కుడి మూడున్నర, ఎడమ నాలుగు. రెండింటికీ అదనంగా అడ్డపవరు ఉంది, దానికొక కోణం ఉంటుంది. కుడికంటికి ఇరవై, ఎడమకంటికి నూట అరవై. సొంత ఫోన్ నంబరు మరిచిపోతాడేమో గానీ అది మరవడు.

పక్కనే రెండో యంత్రం పెట్టి, ఆయనకు తోడుగా ఒక అమ్మాయిని వేశారు. ముఖం నిండా గోధుమరంగు చుక్కలు, అందుకని చుక్కలపిల్ల అన్నారు. వాళ్ళ దేశంలో ఈ చదువే చదువుతోందట. ఆయన భాష ఆ పిల్లకు రాదు, ఆ పిల్ల భాష ఈయనకు రాదు. మధ్యలో అంకెలున్నాయి. రెండురోజుల్లో నూట ఎనభై దాకా తెలుగులో లెక్కపెట్టడం నేర్చేసుకుంది.

మొదటిరోజు ఆ పిల్ల కళ్ళజోడును తిరగేసి పెట్టింది. కళ్ళవైపు ఉండాల్సిన ముఖం పైకి పెట్టి చదివితే పవరు సరిగ్గానే వస్తుంది, కోణం మాత్రం అద్దంలో బొమ్మలా అటుదిటు ఇటుదటు అవుతుంది. ఇరవై నూట అరవై అవుతుంది, నూట అరవై ఇరవై అవుతుంది. "ఇంతకంటే పాపం ఈ వృత్తిలో లేదు! ఒక మనిషి బతుకంతా వంకరగా చూడాలి!" అని చేతులు తిప్పుతూ, కళ్ళు వంకర చేస్తూ ఆయన అక్షింతలు వేస్తే, మాటలు అర్థంకాకపోయినా పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి చుక్కలపిల్ల ఏదైనా అడగబోతే చాలు, ఆయన తన యంత్రంలోంచి తలెత్తకుండానే "తిరగేశావు, సరిగ్గా పెట్టు" అనేవాడు.

నాలుగోరోజు కూడా అంతే అన్నాడు. ఆ పిల్ల చేతిలోని జతను మూడుసార్లు తిప్పి చూసింది. "మాస్టారూ..." అంది. "తిరగేశావు!" అన్నాడాయన. ఆ పిల్ల నిట్టూర్చి, జతను అనుమానం పళ్ళెంలో పడేసింది. చదవడంలో తేడా వచ్చినవన్నీ ఆ పళ్ళెంలో వేసి ఆఖరున మాస్టారు చూస్తారని ముందే అనుకున్నారు.

సాయంత్రాల్లో ఇంటి మీద బెంగపెట్టుకుని ఏ పిల్లో మూల కూర్చుని ఏడిస్తే, మాస్టారు వెళ్ళి భుజం తట్టి తన మాటే అనేవాడు: "పది రోజుల్లో అలవాటవుతుంది." శిబిరం ఉండేదే పది రోజులు. ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని మరీ నవ్వారు వాళ్ళు. భోజనంలో కారం ఎక్కువైనా, స్నానానికి చన్నీళ్ళొచ్చినా, ఒకరికొకరు తెలుగులో "పది రోజులు! అలవాటు!" అని అరుచుకునేవాళ్ళు.

చుక్కలపిల్ల చదివినవాటి చీటీలతో కలిపి, రెండువేల తొమ్మిదివందల పైచిలుకు జతలు ఆయన కళ్ళ ముందు నుంచి పోయాయి. మూడున్నర-నాలుగు తగిలినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది, కోణం చూడగానే ఉసూరుమనేది. తొమ్మిదోరోజుకి కళ్ళు వాచిపోయాయి. పదోరోజు మధ్యాహ్నం కావస్తుంటే పళ్ళెంలో పదకొండు జతలు మిగిలాయి. బయట, సంచులు సర్దిన చెక్కపెట్టెలకు మేకులు కొడుతున్నారు.

ఏడో జత గోధుమరంగుది. ఎడమ కాడ చివర పంటిగాట్లు. యంత్రం మీద పెట్టాడు. మూడున్నర. ఎడమది, నాలుగు. కోణం తిప్పాడు. కుడి నూట అరవై. ఎడమ ఇరవై.

"తిరగేశాను!" అన్నాడు గట్టిగా, సంతోషంగా. "నేనే తిరగేశాను చూడు!"

చుక్కలపిల్ల తల అడ్డంగా ఊపింది. వేలితో చూపించింది. జోడు సరిగ్గానే ఉంది. ఆయన తీసి మళ్ళీ పెట్టాడు. కుడి నూట అరవై, ఎడమ ఇరవై. ఇంకోసారి పెట్టాడు. యంత్రానికేం, ఎన్నిసార్లు అడిగినా ఉన్నదే చెబుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు. పొద్దున ఆవిడ జోడు కింద పడి కాడ విరిగింది. సభకు గంట టైముంది. కొట్లో ఉన్న ఫ్రేము తీసి, అద్దాలు తనే కోసి, పావుగంటలో బిగించి ఇచ్చాడు. ఆ హడావిడిలో కోణానికి గుర్తు పెట్టేటప్పుడు అద్దాలు తిరగబడి ఉంటాయి. కొట్టుకొచ్చే ప్రతివాళ్ళ అద్దాలూ ఇచ్చేముందు రెండుసార్లు యంత్రం మీద చూస్తాడు. ఆవిడవి చూడలేదు. ఇంటిమనిషే కదా అనుకున్నాడు. పైగా సభలో, "మా ఆవిడ పెట్టుకున్న జోడు నేనీ పూటే చేశాను" అంటే చప్పట్లు కూడా కొట్టారు. మెట్లు దిగేటప్పుడు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, మెట్లు వంగి కనిపిస్తున్నాయేంటీ?" అంది. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళకు నమస్కారాలు పెడుతూనే, "పది రోజుల్లో అలవాటవుతుందిలే" అన్నాడు.

ఆవిడ మళ్ళీ అడగలేదు. పదకొండోరోజు ఎలా ఉన్నాయని ఆయనే అడిగితే "బాగానే ఉన్నాయి" అంది. ఆ తర్వాత ఏటేటా కళ్ళు చూస్తానన్నా, "బాగానే ఉన్నాయిగా, ఇప్పుడెందుకు" అని తప్పించుకునేది.

శిబిరానికి భోజనాలు చూస్తున్న కూతురు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తండ్రి చేతిలో జోడు చూసి ఆగిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాడాయన.

తెలుసన్నట్టు తలూపింది. "నువ్వు కొట్టుకెళ్ళగానే తీసేసేది నాన్నా. వాంతొచ్చినట్టుంటుందే అనేది. పాత జోడు కాడకు దారం కట్టుకుని, అదే పెట్టుకుని పనంతా చేసుకునేది. సందు మొదట్లో నీ స్కూటర్ చప్పుడు వినబడగానే మళ్ళీ ఇవి పెట్టుకునేది."

"నాలుగేళ్ళా?"

"నాలుగేళ్ళు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా! నేనేమన్నా కొడతానా, తిడతానా?"

"నేనూ అదే అన్నాను. ఊరందరికీ చూపు ఇచ్చే మనిషి, ఇంట్లో నాకు తప్పు చేశాడంటే ఆయన తట్టుకోలేడే అంది. చెప్తే నా మీదొట్టు అంది." కూతురు కళ్ళు తుడుచుకుంది. "అందుకే వేసేశాను పెట్టెలో. నువ్వు వాటిని దగ్గర పెట్టుకుని ఏడుస్తావని. అమ్మ వాటిలోంచి ఏనాడూ తిన్నగా... పోనీలే నాన్నా."

ఆయన, "ఆ పాతవి?" అన్నాడు.

"నా దగ్గరున్నాయి."

"నాకివ్వమ్మా."

"ఇవ్వను నాన్నా" అంది, నెమ్మదిగానే. "నన్ను చూసింది వాటిలోంచే."

బయట వ్యాను హారన్ కొట్టింది. ఆఖరి పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టారు.

మాస్టారు తన జోడు తీసి జేబులో పెట్టుకుని, ఆవిడది పెట్టుకున్నాడు. లేచి బయటికి నడిచాడు. హాలు మెట్లు, ఆ సభ రోజు ఆవిడ దిగిన మెట్లే, ఒక పక్కకు ఒరిగిపోతున్నాయి. కాలు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. గోడ పట్టుకుని మూడు మెట్లు దిగేసరికి కడుపులో తిప్పింది. ఆయన కళ్ళ పవరు వేరు, ఆవిడకు ఇంతకంటే తక్కువ తిప్పిందో, ఎక్కువ తిప్పిందో. ఏదైతేనేం, నాలుగేళ్ళు. స్కూటర్ చప్పుడు విన్న ప్రతిసారీ.

అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. జోడు తీసి, చీటీ అడిగి తీసుకుని, చూసింది చూసినట్టు రాశాడు. కుడి నూట అరవై, ఎడమ ఇరవై. అవి ఆయన భార్య కళ్ళద్దాలు కావు. ఏనాడూ కాలేదు. ఎక్కడో ఎవరికో సరిగ్గా ఆ నంబరే ఉంటుంది, ఆ మనిషికి మొదటిరోజే అంతా తిన్నగా కనబడుతుంది. చీటీతో సహా సంచిలో పెట్టి, తన చేత్తోనే పెట్టెలో వేశాడు. మేకులు కొట్టేశారు.

అప్పుడు ఏడ్చాడు. ఆవిడ పోయిన రోజు కూడా జనం ముందు ఏడవని మనిషి, మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పెట్టెలు వ్యానెక్కిస్తున్న పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ప్రెస్సాయన దగ్గరిదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయాడు.

చుక్కలపిల్ల వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన భార్య పోయిందని ఆ పిల్లకు తెలుసు. ఓదార్చాలని ఉంది, మాటలు లేవు. ఉన్నవల్లా అంకెలూ, ఆ పది రోజుల్లో రోజూ వింటూ వచ్చిన ఆ ఒక్క మాటా. అచ్చం ఆయన తట్టినట్టే ఆయన భుజం తట్టింది.

"పది రోజులు, మాస్టారూ" అంది, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ. "అలవాటవుతుంది."