గాలికి లేవని సాలీడు

"వంతెనలు కాపాడే ఇంజనీరమ్మకి ఇంట్లో బూజు మాత్రం కంటికి ఆనదు," అంది అత్తగారు, బూజుకర్ర కోడలి చేతికిస్తూ.

కోడలు వంటింటి కిటికీ దాకా వెళ్ళి కర్రని గోడకి చేరేసింది. ఆ కిటికీ మూలనున్న సాలెగూటిని వారంగా అత్తగారి కంట పడకుండా కాపాడుకొస్తోంది మరి. మధ్యలో కూర్చున్న ఆడ సాలీడంటే ఆమెకి అంత గౌరవం. కళ్ళు సరిగా కనపడకపోయినా, పోగుల మీద కాళ్ళు చాపుకుని లోకమంతా తెలుసుకుంటుంది. ఆ కాళ్ళ మీద కంటికానని చీలికలుంటాయి, ఏ కాస్త అదురైనా పసిగడతాయి. వాటిని చూసే ఆమె వంతెన స్తంభాలకి అతికించే పల్చటి రేకు తయారుచేసింది, సన్నటి పగుళ్ళతో. పడవ వచ్చి గుద్దితే గంట మోగాలి. మోగుతోంది. లారీ వెళ్ళినా, గాలి వీచినా కూడా మోగుతోంది, అదీ ఖర్మ. "రేపటి పరీక్షలోనూ ఇలాగే అరిస్తే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు నిన్న పై అధికారి. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం.

ఠంగున గ్లాసు మోగింది. భోజనాల బల్ల దగ్గర భర్త. మంచినీళ్ళు కావాలంటే నోరు తెరవడు మహానుభావుడు, ఖాళీ గ్లాసు బల్లకేసి కొడతాడు. పెళ్ళైన కొత్తలో అది ముద్దుగానే ఉండేది, దాచడమెందుకు. ఆమె పరుగున వెళ్ళి పోసి వచ్చింది. కుర్చీ జరిగితే కంచం, స్నానాల గది తలుపు చప్పుడైతే తువ్వాలు, అత్తగారు దగ్గితే మందు సీసా. ఈ ఇంట్లో ఏది కదిలినా లేచేది తనే. "అడక్కుండానే భలే తెలిసిపోతుందే నీకు," అంటాడాయన. ఆ మెచ్చుకోలుతోనే ఇన్నాళ్ళూ కడుపు నింపుకుంది పిచ్చిది.

గాలి విసిరింది. గూడంతా ఊగింది, సాలీడు కదల్లేదు. అంతలో ఓ దోమ పోగుకి తగిలింది. చూస్తుండగానే సాలీడు వెళ్ళి దాని మీద పడింది. ఏం దర్జా తల్లీ నీది, అనుకుంది ఆమె. అప్పుడు తట్టింది. చీలికలకి కాస్త కింద, పాదం దగ్గర, మెత్తటి దిండులాంటిది ఉంటుంది. నిదానపు ఊపుల్ని అది మింగేసి, చురుక్కుమనే వాటినే పైకి పంపుతుంది. తనేమో చీలికల్ని చూసి మురిసిపోయి దిండు సంగతే మరిచింది, రేకుని నేరుగా ఇనుముకి అతికించింది. మరి ఆ దిండు ఎంత మందం ఉండాలి, ఎంత మెత్తగా ఉండాలి? పెన్సిలు తీసి కిటికీ గట్టు మీదే లెక్క మొదలుపెట్టింది.

గ్లాసు మోగింది. మళ్ళీ మోగింది.

"వాడు గ్లాసు కొడుతున్నాడు, వినపడలేదా?" అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"వినపడింది అత్తయ్యా," అంది ఆమె, లెక్క మీంచి తలెత్తకుండా. "గాలేలెండి."