చేపల రాణి

మా రాణీగారి పుట్టినరోజు వస్తుందంటే వంటింట్లో చేపల ఆకారంలో రొట్టెలు మొదలవుతాయి. కళ్ళకు ఎండుద్రాక్ష, పొలుసులకు బాదం పలుకులు. దర్జీలు ఆమె పావడా అంచున వెండి దారంతో చేపలు కుడతారు. మార్చి పన్నెండు, మీనరాశి. నేను అంతఃపురంలో పనికి చేరి రెండేళ్ళే అయినా అప్పటికే నలభై చేపలు కుట్టి ఉంటాను.

ఆమె పేరు సిబిల్లా. ఉత్తరాన ఉన్న చిన్న సంస్థానం నుంచి పదిహేనో ఏట పెళ్ళి చేసుకుని వచ్చారు. పెళ్ళినాడు ఆస్థాన జ్యోతిష్కుడు లాంబెర్ట్ పండితుడు ఆమె జాతకం వేసి, స్వభావం రాసి ఇచ్చాడు. ఆ కాగితం చట్రంలో బిగించి ఆమె గదిలోనే గోడకు పెట్టారు. నీటి మనిషి, కన్నీళ్ళు తొందరగా వస్తాయి, దయ ఎక్కువ, చివర ఎవరు మాట్లాడితే వారి మాట వింటుంది, మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తుంది. ఇదీ అందులోని సారం. ఆమె ఏడిస్తే అందరూ గోడవైపు చూసేవారు. కోపం వస్తే మాత్రం ఎవరూ అటు చూసేవారు కాదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని పుదీనా కషాయం కాచి తెచ్చేవారు. ఆవిడ తాగేవారు.

ఆ ఏడు మంచు కరగగానే రాజుగారు యుద్ధానికి వెళ్ళాలి. ఆయన తిరిగి వచ్చేదాకా రాజముద్ర ఎవరి దగ్గర ఉండాలో సభ తేల్చాలి. రాణీగారి దగ్గరా, రాజుగారి చిన్నాన్న కాసిమిర్ ప్రభువు దగ్గరా? ముద్ర ఏ ఇంట ఉంటే యువరాజు ఆ ఇంట పెరగాలని మా దేశంలో ఆచారం. లుడోల్ఫ్ బాబుకు ఆరేళ్ళు. చలిగాలి తగిలితే రొమ్ము పట్టేస్తుంది. కాసిమిర్ కోట మూడు రోజుల ప్రయాణం, కొండ మీద. రాణీగారు ఆ నెలంతా సరిగా భోంచెయ్యలేదు.

సభ ఆమె పుట్టినరోజునే. ముద్ర ఇచ్చేముందు ఆ మనిషి జాతకం సభలో చదవాలి. గోడ మీది కాగితం మసిబారిపోయింది, శుద్ధప్రతి రాయాలి. రాయసగాడికి జ్వరం. మా ఊరి ఫాదరీగారు నాకు మంచి దస్తూరీ నేర్పారు. అందుకని రాణీగారు ఆ పని నాకు చెప్పి, తారీకు సరిచూసుకోమని వాళ్ళమ్మగారి ప్రార్థన పుస్తకం చేతికిచ్చారు.

పుస్తకం లోపలి అట్ట మీద వాళ్ళమ్మగారి చేతిరాత ఉంది. మార్చి పన్నెండు, ఆదివారం, సూర్యోదయం వేళ ఆడపిల్ల. నేను పండితుడి కాగితం చూశాను. అందులో మార్చి పన్నెండు, గురువారం.

మావూరు ఏటి ఒడ్డున ఉంటుంది. పోపుగారు పంచాంగం సవరించినప్పుడు మా ఒడ్డువాళ్ళు ఒప్పుకున్నారు, అవతలి ఒడ్డువాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు మాకంటే పది రోజులు వెనక. మా అమ్మమ్మది అవతలి ఒడ్డు. చిన్నప్పుడు మేం క్రిస్మస్ రెండుసార్లు చేసుకునేవాళ్ళం. మా ఇంట్లో పండగ మాంసం తిని పడవెక్కి వెళ్తే అక్కడ ఇంకా ఉపవాసాలే. వాసన వస్తోందని మా మావయ్య మమ్మల్ని గుమ్మం బయట కూర్చోబెట్టేవాడు. రాణీగారి పుట్టిల్లు కూడా పాత లెక్కే. అక్కడి పన్నెండు అంటే ఇక్కడి ఇరవై రెండు. పుట్టింటి నుంచి వచ్చిన తారీకుకు పది రోజులు కలిపే ఉంటాడని పండితుడు రాయసగాడిని నమ్మాడు. పండితుడు కలుపుకుంటాడులే అని రాయసగాడు వదిలేశాడు. వారం మాత్రం పండితుడు తన పంచాంగంలో చూసి వేసుకున్నాడు. మా కొత్త లెక్కలో మార్చి ఇరవై ఒకటికి సూర్యుడు మేషంలోకి పోతాడని మావూళ్ళో గొర్రెలు కాసేవాళ్ళకు కూడా తెలుసు. అంటే రాణీగారిది మీనం కాదు, మేషం.

ఒక రోజంతా ఎవరికీ చెప్పలేకపోయాను. నాకు పెద్దవాళ్ళ ముందు గొంతు పెగలదు. చివరికి ఉర్సెల్‌గారి దగ్గర నసిగాను. ఆవిడ అంతఃపురంలో అందరికంటే పెద్దది. తొమ్మిదేళ్ళుగా చేపలు కుట్టించింది ఆవిడే.

"గొర్రెపొట్టేళ్ళు కుట్టాలంటే నా కళ్ళు ఆనవే పిల్లా," అంది. "ఆ కొమ్ములూ, ఆ మెలికలూ. నోరు మూసుకుని రాసుకో."

మర్నాడు ఉదయం రాణీగారికి జడ వేస్తూ చెప్పాను. వెనక నిలబడి ఉన్నాను కనుక చెప్పగలిగాను. ఆవిడ మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. లేచి, సగం అల్లిన జడతోనే పండితుడికి కబురు పెట్టారు.

లాంబెర్ట్ పండితుడు అరగంట లెక్కలు వేశాడు. రెండోసారి వేశాడు. తరవాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తప్పు తనదేనన్నాడు, రాయసగాడి మీదికి నెట్టలేదు. కొత్త జాతకం ప్రకారం తానేమిటో చెప్పమన్నారు రాణీగారు. మేషం, సూర్యోదయం, లగ్నంలోనే సూర్యుడు. పట్టిన పట్టు విడవదు, ఒకరి కింద ఉండలేదు, క్షమించడం ఆలస్యం, ఆజ్ఞ ఇవ్వడానికి పుట్టిన మనిషి. సభలో ఇదే చదువుతానని, పాత తప్పు ఒప్పుకుంటానని అన్నాడు.

రాణీగారు మెల్లగా అడిగారు. ఇది వింటే వాళ్ళు ముద్ర నాకిస్తారా?

పండితుడు టోపీ అంచు నలిపాడు. మంత్రులకు కావలసింది పెట్టిన చోట సంతకం చేసే మనిషి. కాసిమిర్ ప్రభువు గట్టివాడని భయపడి రాణీగారివైపు మొగ్గుతున్నవాళ్ళు నలుగురున్నారు. ఆ సంగతి నీళ్ళు మోసే నాకే తెలుసు, ఆయనకు తెలియకుండా ఉంటుందా.

"ఇవ్వరు," అన్నాడు చివరికి.

"అయితే పాతదే చదవండి."

"తెలిసీ తప్పు చదవమంటారా, అమ్మగారూ?"

"తొమ్మిదేళ్ళు తెలియక చదివారు. ఈ ఒక్కసారి తెలిసి చదవండి."

ఆయన వెళ్ళిపోయాక రాణీగారు కూర్చున్నారు. నేను మిగతా జడ అల్లాను. ఆవిడ అద్దంలో నన్ను చూస్తూ, నిజం చెప్పు, నేనేమిటి అని అడిగారు. పెళ్ళైన కొత్తలో తనకు ఏడుపు తక్కువేనట. ఏడ్చినప్పుడే అందరూ దగ్గరికి తీసుకునేవారట. అలా అలవాటైందో, లోపల ఉన్నదే బయటికొచ్చిందో ఇప్పుడు తనకే తెలియడం లేదన్నారు.

చూసిందే చెప్పాను. "కోపం వస్తే మీరు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతారమ్మా. చెయ్యి గట్టిగా మూసుకుంటారు. అది ఏ రాశో నాకు తెలీదు."

సభలో పండితుడు పాత జాతకమే చదివాడు. నా దస్తూరీయే. ఆయన గొంతు రెండుచోట్ల ఆగింది, వయసు మీద పడిందనుకున్నారు. దయ ఎక్కువ అన్నచోట మంత్రులు తలలూపారు. కన్నీళ్ళు తొందరగా వస్తాయన్నచోట రాణీగారి కళ్ళు నిజంగానే నిండాయి. అది నటనో కాదో ఆమె కుర్చీ వెనకే ఉన్న నాకు కూడా తెలియలేదు. ముద్ర ఆమె చేతికొచ్చింది.

రాజుగారు బయలుదేరిన మూడో రోజున కాసిమిర్ ప్రభువు వచ్చాడు. బాబును తన కోటకు పంపితే క్షేమమని, ఆచారం మాట తరవాత చూసుకోవచ్చని, ఆజ్ఞ రాయించుకునే తెచ్చాడు. ముద్ర వెయ్యడమే తరువాయి. మంత్రులందరి మాటలూ అయ్యేదాకా ఆగి, చివర ఆయనే లేచాడు. చాలా ప్రేమగా మాట్లాడాడు. శత్రువుల గురించి, కొండ గాలి మంచిదని, ఒంటరి ఆడదానికి ఇంత బరువెందుకని.

రాణీగారు మొత్తం విన్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ప్రభువు కాగితం ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"వెయ్యను, చిన్నమామగారూ," అన్నారు ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. "బాబు ఇక్కడే ఉంటాడు."

ఆయన నవ్వి, రేపు మళ్ళీ మాట్లాడదామన్నాడు. రేపూ ఇదే చెబుతానన్నారు ఆవిడ. ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. ఏడుస్తున్న మనిషితో ఎలా వాదించాలో ఆయనకు తెలియలేదేమో, కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక నన్ను బల్ల దగ్గర కూర్చోమన్నారు. అక్కడ నేను కూర్చోవడం అదే మొదలు. బాబు మంచం తన పక్క గదిలోకి మార్పించే సంగతి రాసుకో అన్నారు. మొదట, మార్పిస్తే బాగుంటుందేమో అన్నారు. కాసేపాగి, మార్పించాలి అన్నారు. రెండోసారి అన్నదే రాశాను.