హెన్రీ పేరు కింద ఖాళీ

1938 జూలై ఇరవై రెండు, శుక్రవారం. ఆ పొద్దున జొన్నరొట్టె, పల్లికారం తిన్నాను. రొట్టె ఒకవైపు మాడింది. నా భార్య పోయి నాలుగేళ్లయినా రొట్టె ఎప్పుడు తిప్పాలో నాకు పట్టుబడలేదు. తింటూ ఉండగానే తపాలా జవాను వచ్చాడు. బయట వాన. ఇంగ్లండు స్టాంపున్న కవరు తడవకుండా చొక్కా లోపల దాచుకుని తెచ్చాడు.

ఉత్తరం నా పేరున వచ్చినా, దాని కోసం రెండు నెలలుగా ఎదురుచూస్తున్నది ఎస్తేరమ్మ. వనపర్తిలో నేను ఇంగ్లీషు చెప్పే బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివింది. పందొమ్మిదేళ్లది. తల్లి లేదు. తండ్రి భీమయ్య చెరువుకట్ట పనిలో మట్టిపెళ్లలు విరిగి మీద పడి, నడుం పోగొట్టుకుని మంచం పట్టాడు. అంతకుముందు ఏటా మేస్త్రీ వెంట దూరదేశం మట్టిపనికి పోయేవాడు. ఈ ఏడు ఆయన బదులు కూతురు రావాలని మేస్త్రీ కబురు పెట్టాడు. ఆగస్టు ఎనిమిదిన గుంపు బయలుదేరుతుంది.

ఎస్తేరమ్మకు నర్సు పని నేర్చుకోవాలని ఆశ. సికింద్రాబాదులో ఒక దవాఖానలో తిండి, బస ఇచ్చి నేర్పుతారు. కానీ ఆ చోట్లు తండ్రి వైపున తెల్లవాళ్ల వంశంలో పుట్టినవాళ్లకే. అందుకు కాగితం చూపించాలి.

భీమయ్యకు పిల్లికళ్లు. చిన్నప్పటి నుంచి వాడలో అందరూ ఆయన్ని దొరకొడుకు అని ఎగతాళి చేసేవారు. ఆయన తల్లి జమ్ములమ్మ చనిపోయే ముందు కొడుకు చేతిలో ఒక చిన్న ప్రార్థన పుస్తకం పెట్టి, నీ తండ్రిది అని చెప్పిందట. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున భూమి కొలవడానికి డేరా వేసుకున్న దొరది. పుస్తకం మొదటి పేజీలో హెన్రీ థార్న్‌బీ అనే పేరు, కింద ఊరి పేరు ఉన్నాయి. నేను ఆ ఊరి చర్చి పాదిరికి రాశాను. జవాబు హెన్రీ చెల్లెలు రాసింది. ఎనభై ఏళ్ల ముసలావిడ. అక్షరాలు వణుకుతున్నాయి.

మధ్యాహ్నం భీమయ్య మంచం పక్కన కూర్చుని ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను. థార్న్‌బీలు ఒకప్పుడు రెండు ఊళ్లకు భూస్వాములు. ఇప్పుడు ఇల్లు కూడా అమ్ముడుపోయింది. ఆమె ఒక్కతే మిగిలింది. ఉత్తరంతో పాటు ఒక పెద్ద కాగితం మీద ఏడు తరాల వంశవృక్షం నకలు తీసి పంపింది. ఒక్కొక్కరి పేరు కింద గీతలు, గీతల కింద పిల్లలు. హెన్రీ పేరు కింద మాత్రం ఏమీ లేదు. 1881లో ఇండియాలో జ్వరంతో పోయాడు, పెళ్లి లేదు, సంతానం లేదు అని రాసి ఉంది.

"గంతేనా సారు?" అంది ఎస్తేరమ్మ.

"ఇంకా ఉంది. మీ దగ్గర వంశాల లెక్క తెలిసినవాళ్లు ఎవరైనా హెన్రీయే తండ్రి అని చెప్పి, సంతకమో వేలిముద్రో వేస్తే, ఆ ఖాళీలో భీమయ్య పేరు తన చేత్తో రాసి, పాదిరితో సంతకం చేయించి పంపుతుందట. ఊరికే మాత్రం రాయలేనంటుంది."

భీమయ్య చాలాసేపు ఆ కాగితం మీది గీతల్ని వేలితో తడిమాడు.

"వాళ్లకు గూడ డక్కలోళ్లు ఉంటరా సారు? ఏడు తరాలు గిట్ల ఎవరు యాది పెట్టుకుంటరు?"

ఆ మాటతో ముగ్గురికీ ఒకే ఆలోచన వచ్చింది. భీమయ్య క్రైస్తవంలో కలవక ముందు ఆ వాడలోని మాదిగ కుటుంబాల వంశాలు డక్కలి వాళ్లే చెప్పేవారు. ఏటా వాడ బయట దిగి, కిన్నెర మీటుతూ, ఫలానా వాని కొడుకు ఫలానా వాడని పాడి కట్నం తీసుకునేవారు. భీమయ్య 1910లో బాప్తీస్మం తీసుకున్నాక వాళ్లను గడప దగ్గరికి రానీయలేదు. ఆ ఇంటి వంశం పాడే జంగయ్య బతికే ఉన్నాడని, కోడేరు బయట గుడిసె వేసుకున్నాడని తెలిసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక బండి కట్టించాం. గడ్డి పరిచి భీమయ్యను పడుకోబెట్టాం. ఇంట్లో ఉన్న ఒక్క మేకను ఎస్తేరమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారంతా సన్నటి వాన. బండి తోలేవాడు గోతి వచ్చిన ప్రతిచోటా దిగి, ఎద్దుల ముక్కుతాడు పట్టుకుని నెమ్మదిగా నడిపించాడు. ఎవరూ చెప్పకుండానే ఆ పని చేశాడు.

జంగయ్యకు డెబ్బై ఏళ్లుంటాయి. గుడిసె ముందు తడికె కింద కూర్చుని కిన్నెర సొరకాయకు మైనం రాస్తున్నాడు. బండిలో భీమయ్యను గుర్తుపట్టి తల పైకెత్తాడు.

"ఓహో, ఇరవై ఎనిమిదేండ్లకు యాదికొచ్చిన్నా? మీ తాతల పేర్లు నాకు తెల్వయ్ అన్నడా ఏసయ్య?"

"తప్పయింది పెద్దన్నా," అన్నాడు భీమయ్య. లేవబోయి లేవలేకపోయాడు. "ముందు గిది తీసుకో. బిడ్డా, మ్యాకను పెద్దన్న ముందర కట్టెయ్."

ఎస్తేరమ్మ మేకను గుంజకు కట్టింది. జంగయ్య దాని నుదురు ముట్టి, ఆ చేత్తో కిన్నెరను ముట్టాడు. మనవరాలిని పంపి కోడేరు మాదిగవాడ పెద్దలు ఇద్దరిని పిలిపించాడు. మేము ఇంకా ఏమీ అడగనే లేదు. ముసలాయన కిన్నెర భుజానికి ఆనించి పాట ఎత్తుకున్నాడు.

ఆ గొంతు అంత పెద్దదని చూస్తే అనుకోం. పదకొండు తరాల పేర్లు వచ్చాయి. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు ఏ కరువులో పోయారో అన్నీ వచ్చాయి. చివరికి, నాగన్న కొడుకు భీమయ్య, జమ్ములమ్మ కడుపు పంట భీమయ్య అని పాడి ఆపాడు. పెద్దలు తలలూపారు.

"నాగన్న ఎవరు?" అన్నాడు భీమయ్య. "ఎన్నడో పాటల ఇన్నట్టుంది గని ఎవరో ఎర్కలే. మా అమ్మ గా పేరే ఎత్తలే."

పెద్దలు వెళ్లిపోయేదాకా జంగయ్య ఆగాడు. తరువాత గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ అమ్మకు మేనమామ కొడుకు. నది ఒడ్డున డేరా లేచిపోయినంక ఆమె కడుపుతోని మిగిలింది. వాడంతా వెలేస్తమన్నరు. నాగన్న నేను చేసుకుంట అన్నడు. ఇంట్ల ఉన్న ఒక్క కోడెదూడను మా నాయనకు తోలిచ్చి, పుట్టేటోణ్ణి పాటల నా పేరు కింద కట్టు అన్నడు. మా నాయన కట్టిండు. నువ్వు తప్పటడుగులు వేసేనాటికి నాగన్న పాముకాటుకు పోయిండు. గా దూడ కూర నేను గూడ తిన్న బిడ్డా. యాదుంది నాకు."

భీమయ్య ముఖం గడ్డి వైపు తిప్పుకున్నాడు.

ఎస్తేరమ్మ ముందుకు జరిగింది. "తాతా, దొర సంగతి నీకు తెలుసు గద. గదే జర కాగితం మీద చెప్పు. నా బతుకు దాని మీదనే ఉంది."

"అడిగేదుంటె కట్నం పెట్టకముందు అడగాలె బిడ్డా. పెద్దల ముందర కూసుండి, పాట తప్పుందని వాదులాడాలె. అప్పుడు మేం ఇనాలె. మ్యాకను కట్టి, నా చేత కిన్నెర ముట్టించినంక పాతపాటే పాట. మీ నాయనకు గా రివాజు ఎర్కలేదా?"

భీమయ్యకు ఒకప్పుడు తెలిసే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లలో మరిచిపోయాడు. ముసలాయన మనసు మెత్తబడాలని తొందరపడి ముందే కట్నం పెట్టాడు.

"పాడింది రాసుకో సారు," అన్నాడు జంగయ్య. "వేలిముద్ర వేస్త. గంత మటుకు నా చేతుల ఉంది."

నేను కాగితం తీశాను. ఎస్తేరమ్మ నా పక్కన వంగి, తండ్రికి వినబడకుండా అంది.

"హెన్రీ పేరు రాయుండ్రి సారు. తాతకు చదువు రాదు. అబద్ధం కాదు గద, అయింది గదే గద."

నిజమే. జరిగింది అదే. ఇంగ్లీషులో రాశాను: జంగయ్య అనే నేను చెప్పునదేమనగా, భీమయ్య తండ్రి హెన్రీ థార్న్‌బీ. రాస్తున్నంతసేపూ నా చెయ్యి ఆగలేదు. ఆ అమ్మాయి ఎండలో మట్టి తట్ట మోయడం నా కళ్లకు కనబడుతూ ఉంది. ఎవరికీ నష్టం లేదని అనుకున్నాను.

జంగయ్య బొటనవేలికి సిరా రాశాను. ఆయన కాగితాన్ని ఎంతో మర్యాదగా చూశాడు.

"నాగన్న పేరు మంచిగ రాసినవా సారు? పాపం, ఆయనకు ఇంకో బిడ్డ లేడు."

నేను కాగితాన్ని కదలకుండా పట్టుకున్నాను. వేలు కాగితం మీదికి దిగుతోంది. ఎస్తేరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఒక్క క్షణం అలాగే పట్టుకుని, కొంగు తీసి, ఆ బొటనవేలి మీది సిరా తుడిచింది. గోటి సందులో మిగిలిన నలుపును కూడా తడి కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఏందమ్మా, వద్దా?"

"వద్దు తాతా. కాగితం తడిసింది."

కాగితం తడవలేదు. దాన్ని నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. మేము లేవబోతుంటే జంగయ్య మేక తాడు విప్పి ఇవ్వబోయాడు. భీమయ్య ఒప్పుకోలేదు. అది నాగన్న తరఫుదని అన్నాడు.

తిరుగుదారి పట్టాం. వనపర్తి దగ్గరపడుతుండగా భీమయ్య అన్నాడు.

"దొరకొడుకునని గర్వపడుతుంటి బిడ్డా. నవ్వేటోళ్లను చూసి లోపల నేనే నవ్వుకుంటుంటి. రివాజు మరిచి నిన్ను ముంచిన."

"నువ్వు ముంచలే. పండుకో."

ఆ వారంలో ఇంగ్లండుకు రాశాను. జమ్ములమ్మ గురించి, నాగన్న గురించి, కోడెదూడ గురించి ఉన్నది ఉన్నట్టు రాశాను. వేలిముద్ర దొరకలేదని రాశాను. హెన్రీ పేరు కింద ఆమె ఖాళీని అలాగే ఉంచుతుందని నాకు తెలుసు. అక్కడ ఆమె ఒక్కతే కూర్చుని ఆ ఉత్తరం చదువుతుందని తలచుకుంటే బాధ కలిగింది. దవాఖాన దరఖాస్తు పంపలేదు. పంపడానికి జత చేసేదేమీ లేదు.

ఆగస్టు ఏడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గడప పక్కన కొత్త తట్ట, పార ఉన్నాయి. మేస్త్రీ మనుషులు తెల్లవారక ముందే వస్తారు. తండ్రికి రెండు పూటలా జొన్న గటక తెచ్చి పెట్టడానికి పక్కింటి సత్తెమ్మ ఒప్పుకుందని ఎస్తేరమ్మ చెప్పింది. ఆయనకు రాసే నూనె సీసా ఎక్కడుందో నాకు చూపించింది.

"చదువు మరువకు," అన్నాను. అనగానే ఎంత పనికిరాని మాటో నాకే తెలిసింది.

"మరువ సారు," అంది ఆమె. నాకు నొప్పి కలగకూడదని నవ్వింది కూడా.

లోపల భీమయ్యకు అప్పుడే కునుకు పట్టింది. వారం రోజులుగా ఆయనకు నిద్ర లేదట. ఎస్తేరమ్మ తట్టను, పారను చప్పుడు కాకుండా గోడకు జరిపింది. నేను వీధిలోకి దిగాను. మసక చీకటి పడుతోంది. తలుపు కిర్రుమనకుండా ఆమె దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా మూసి, లోపలి నుంచి గడియ పెట్టుకుంది.