మొక్కుకు ముందు ఐదు రోజులు

నా భర్త రామబ్రహ్మం చనిపోయిన ఇరవై మూడో రోజున, సబా అనే అమ్మాయి గుంటూరు ఆసుపత్రి నుంచి గురజాలలోని మా ఇంటికి వచ్చింది. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ల మీద వాళ్లు పరిశోధన చేస్తున్నారు. దానికోసం ఆయన రెండుసార్లు రక్తం ఇచ్చారు.

మా మరిది గోపీనాథ్ కూడా వచ్చి కూర్చున్నాడు. అతనికి కిందటి నెలలోనే స్టెంట్ వేశారు. ఇద్దరికీ టీ ఇచ్చాను.

"పంచదార వెయ్యలేదు వదినా," అన్నాడు. లేచి తెచ్చి వేశాను.

"రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలుంటాయి," అని సబా చెప్పసాగింది. "గాయమైతే అవి ఒకదానికొకటి అంటుకుని రక్తాన్ని ఆపుతాయి. స్టెంట్ లోపల అట్లా అంటుకుంటే రక్తనాళం మూసుకుపోతుంది. అందుకే బిళ్లలు. కొందరికి బిళ్ల వేసుకున్నా అంటుకుంటాయి. ఎందుకో చూస్తున్నాం. సార్ రక్తంలో మాత్రం బిళ్ల బాగానే పనిచేసింది."

"ఏంది పనిచేసేది?" అన్నాడు గోపీనాథ్. "మా అన్న పూట తప్పకుండా మింగాడు. పోయాడు. నాకేమో పళ్లు తోముకున్నా నెత్తురే. చానా గొప్ప మందులే! రేపట్నుంచి మానేస్తన్నా."

సబా కాగితం మీద పెన్ను ఆనించింది. "చివరి వారంలో సార్ రోజూ వేసుకున్నారా, మేడమ్?"

"చెప్పాగదమ్మా, పూట..." అంటున్నాడు గోపీనాథ్.

"లేదు," అన్నాను. "ఐదు రోజులు వేసుకోలేదు."

స్టెంట్ వేసిన రోజు, ఆయన తలనీలాలు కోటప్పకొండలో ఇప్పిస్తానని మొక్కుకున్నాను. మూడు నెలలకు బయలుదేరాం. దానికి ముందు వారం, గడ్డం గీసుకుంటుంటే తెగి, గంటసేపు రక్తం ఆగలేదు. గుండు చేసేటప్పుడు కత్తి తగిలితే ఎలాగని బిళ్లలు ఆపించాను. డాక్టరును అడగలేదు. తల మీద ఒక్క గాటు కూడా పడలేదు. మర్నాడు ఉదయం ఆయన పోయారు.

ఇదంతా వరసగా చెప్పాను. సబా రాసుకుంది. "కారణం అదేనని కచ్చితంగా చెప్పలేం," అంది. "కానీ ఆపకూడదు మేడమ్."

"పిల్లలకి పాఠాలు చెప్పేదానివి గదా వదినా," అన్నాడు గోపీనాథ్.

"నువ్వు ఆపొద్దు గోపీ."

అతను బండి తీసి వెళ్లిపోయాడు.

సాయంత్రం అతని భార్య నీలిమ ఫోన్ చేసింది. "ఏందక్కా ఈయన? రాగానే బిళ్ల మింగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే పలకడు. మీ ఇంట్లో ఏమన్నా అయిందా?"

పొయ్యి ఆపి, కుర్చీలో కూర్చుని, ఆమెకూ మొదటి నుంచి చెప్పాను.