సర్వర్‌కు అమావాస్య సెలవు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు మొదటి రోజే చెప్పాడు. నేను వింటేగా! సిద్దిపేటలో మా చేనేత సంఘం ఆఫీసుకు కొత్త సర్వర్ వచ్చిన రోజు అది. పాత గొల్లభామ చీరల డిజైన్ ఫైళ్ళన్నీ అందులోనే దాచాలి. చిన్నకోడూరులో ఉండే మహేశ్వరి ఇంట్లోంచే ఆ సర్వర్‌లోకి వచ్చి డిజైన్లు గీయాలి. రెండు పనులకూ ఒకటే మిషన్ వద్దు మేడమ్, అది ఆగితే రెండూ ఆగుతాయి అన్నాడతను. అదెందుకు ఆగుతుందండీ అన్నాను నేను. నా పేరు సుచిత్ర. సంఘంలో కంప్యూటర్ల పనంతా నాదే. కొంచెం పొగరు కూడా నాదే.

మహేశ్వరికి ఆరు నెలల పాప. ఇంట్లో చూసుకునే మనిషి లేదు. ఆమె పాత లాప్‌టాప్ డిజైన్ల సాఫ్ట్‌వేర్‌ను మోయలేదు. అందుకే లాప్‌టాప్ ఆమెకు కిటికీ మాత్రమే, పని జరిగేదంతా మా సర్వర్‌లో. ఇంట్లో కూర్చుని ఆఫీసు పనేమిటని కమిటీవాళ్ళు గొణిగారు. నేను పట్టుబట్టేసరికి, సరే, ఒక డిజైన్ చూద్దామన్నారు. అమావాస్య రోజు సాయంత్రం నాలుగింటికల్లా అది హైదరాబాద్‌లో మా చీరలు కొనే షాపువాళ్ళకు చేరితే మహేశ్వరికి ఉద్యోగం ఉంటుంది. చేరకపోతే రోజూ ఆఫీసుకు రాగలిగిన మరొకరిని పెట్టుకుంటారు.

ఆఫీసు తాళంచెవులు భూపతి కాక దగ్గర ఉంటాయి. నలభై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చుని నేసిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఆఫీసు చూసుకుంటున్నాడు. సర్వర్ పక్కనే ఆయన కుర్చీ. "దీన్ని ఎన్నడు ఆపొద్దు కాకా" అని నేను చెబితే, "ఎన్నడు ఆపను బిడ్డా" అని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పే రకం కాదు. ఆ ధీమాతోనే అమావాస్య సెలవుకు హుస్నాబాద్‌లో మా అక్క ఇంటికి పోయాను.

పొద్దున పదింటికి ఫోన్ మోగింది.

"అక్కా, ఉన్నట్టుండి అంతా పోయింది. డిజైన్ కనవడ్తలేదు, ఫైళ్ళు కనవడ్తలేవు. మళ్ళ లోపటికి పోనిస్తలేదు" అంది మహేశ్వరి. వెనక పాప ఏడుపు. మహేశ్వరి గొంతు కూడా ఏడుపుకు దగ్గర్లోనే ఉంది.

భూపతి కాకకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్క వడ్డించిన విస్తరి ముందునుంచి లేచి బస్సెక్కాను. దారి పొడుగునా ఇంజనీరు మాటే చెవిలో మోగింది.

ఆఫీసుకు చేరేసరికి పన్నెండు దాటింది. తలుపు తీసే ఉంది. సర్వర్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మీద తెల్లటి తువ్వాల, దానిపైన ఒక మందారపువ్వు. పక్కన ఊదుబత్తి. స్విచ్చులన్నీ కట్టేసి ఉన్నాయి. భూపతి కాక ఫోన్ ఇంట్లో మరిచిపోయి, కుర్చీలో హాయిగా కూర్చుని ఉన్నాడు.

"ఎన్నడు ఆపొద్దని చెప్పిన గద కాకా!"

"ఎన్నడు ఆపలేదు బిడ్డా. ఇయ్యాల అమాస గద!"

"అమాస అయితే?"

"అమాసనాడు మగ్గం ముట్టం. ఎంత అర్జెంటు చీరె ఉన్నా ముట్టం. ఇది పదిహేను రోజుల సంది రాత్రీ పగలు నడుస్తుంది. మీద చెయ్యి పెడితే కాలుతుంది. దీనికి మాత్రం పానం లేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "దాంట్ల మహేశ్వరి పని చేస్తుంది కాకా! ఆమె ఇంట్ల ఉన్నది ఉత్త కిటికీ. ఆమె మగ్గం దీంట్లనే ఉంది, నూలు పెట్టె దీంట్లనే ఉంది. నువ్వు ఒక్క స్విచ్చు కట్టేస్తే రెండు పోయినయ్. నాలుగింటికి డిజైన్ అందకపోతే ఆ పిల్ల నౌకరీ పోతది!"

కాక ముఖం పాలిపోయింది.

"అంటే, ఆ పిల్ల మగ్గం మీద ఉండంగనే నేను కట్టేసిన్నా?" అన్నాడు మెల్లగా. "నాకెవ్వలు చెప్పలేదు గద బిడ్డా."

నిజమే. ఇంజనీరుతో వాదించాను, కమిటీతో కొట్లాడాను. రోజూ దాని పక్కన కూర్చునే మనిషికి మాత్రం అందులో ఏముందో చెప్పలేదు. కోపం తెచ్చుకోవాల్సింది ఆయన మీద కాదు. సిగ్గేసింది.

సర్వర్ ఆన్ చేశాను. పావుగంటకు లేచింది. పాత ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి. కానీ మహేశ్వరి పొద్దుటి నుంచి గీసింది సేవ్ చేయలేదు. పాత చీరె ముక్కను భూతద్దం కింద పెట్టి, ఒక్కో పోగూ లెక్కపెట్టి గీసిన మూడు గంటల పని గాలికి పోయింది. గొల్లభామ బొమ్మలో పాదాలు, లంగా మాత్రం నిన్నటివి మిగిలాయి.

"మళ్ళ లెక్కవెట్టి, మిగిలింది గూడ గీయాలంటే సాయంత్రం ఆరైతది అక్కా. ఇగ అయిపోయింది, ఇడిసిపెట్టు" అంది మహేశ్వరి ఫోన్‌లో.

"ఫోన్ ఇటియ్యి" అన్నాడు కాక. "ఏ చీరె బిడ్డా అది?"

"కొండవ్వ చీరె తాతా. తలమీద కుండ, చేతిల సల్లముంత ఉన్న గొల్లభామ."

కాక కళ్ళు మెరిశాయి. "కొండవ్వ మా అవ్వ. ఆమె పక్కన కూసోనే నేర్సుకున్న. కళ్ళు మూసుకొని చెప్త, రాసుకో. నడుం కాడికెల్లి మొదలు వెట్టు. అయిదు పోగులు ఎత్తు, రెండు ఇడువు, మళ్ళ అయిదు ఎత్తు."

"ఇయ్యాల అమాస కాకా" అన్నాను నేను, ఊరుకోలేక.

"చెయ్యి పెడ్తున్ననా? నోటితోని చెప్తున్న" అని నన్ను కసురుకున్నాడు.

చెయ్యి పెట్టనన్నాడు కానీ, చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు గాల్లో కనపడని పోగులను ఎత్తుతూనే ఉన్నాయి. నడుము అయింది, చెయ్యి అయింది, ముంత అయింది. ఒక్కో వరుసకూ సేవ్ చెయ్యమని నేను అరుస్తున్నాను. మధ్యలో పాప గుక్కపట్టింది. గడియారం మూడు చూపిస్తోంది.

"ముందుగాల పాలియ్యి బిడ్డా. పోగులు యాడికి పోవు" అన్నాడు కాక.

ఆ పది నిమిషాలు నా ప్రాణం నాలో లేదు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, మరిచిపోకుండా పెదాలతో లెక్క పట్టుకుని కూర్చున్నాడు. మూడూ నలభైకి తలమీద కుండ పూర్తయింది. మూడూ యాభైకి డిజైన్ వెళ్ళిపోయింది. "అందింది, బాగుంది" అని షాపు నుంచి జవాబు రాగానే మహేశ్వరి నిజంగానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

మర్నాడు ఇంజనీరుకు ఫోన్ చేసి, మీరు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. ఫైళ్ళకు వేరే మిషన్ పెట్టడానికి కమిటీ కూడా సరేనంది, కానీ అది వచ్చేలోపే మళ్ళీ అమావాస్య వచ్చింది. ఆ రోజు సెలవైనా పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తాను.

భూపతి కాక లేడు. సర్వర్ నడుస్తోంది. పసుపు, కుంకుమ, మందారపువ్వు మామూలే. తువ్వాల మాత్రం లేదు, గాలి ఆడాలని తీసేసినట్టున్నాడు. ఆయన కుర్చీ మీద టేబుల్ ఫ్యాన్ ఒకటి పెట్టి, సర్వర్ వైపు తిప్పి ఉంది. స్విచ్చుల మీద ఒక కాగితం అంటించి ఉంది. వంకరటింకర అక్షరాలు, ఆయనవే:

"లోపట తల్లీబిడ్డ ఉన్నరు. అమాసనాడు గూడ ఆపొద్దు."