మూడో నంబరు మోటారు

"స్కాన్‌లో ఏమీ లేదు" అని ఇంకొకసారి ఎవరైనా నా ముందు అంటే, చేతిలో గరిటె ఉంటే గరిటె, పెనం ఉంటే పెనం వాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ తర్వాత వాళ్ళ నెత్తికి స్కాన్ తీయించి నేనే చెబుతాను, అందులో ఏమీ లేదని.

నేను గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ళకు వండిపెట్టే మనిషిని. ఆస్ట్రేలియాలోని రివరైనాలో షెడ్డు నుంచి షెడ్డుకు ఈ బృందంతోనే తిరుగుతుంటాను. పేరు బెర్నీ అయినా షెడ్డులో అందరికీ నేను కుక్. చివర ఇంకో 'క' తగిలిస్తే కుక్క. మొరిగే హక్కు నాకు అక్కడినుంచే సంక్రమించింది.

నేను మొరిగేది క్లెమ్ హానగన్ నడుము గురించి.

ఏ షెడ్డుకు వెళ్ళినా మా కాంట్రాక్టరు మోటార్లనే మోసుకెళ్ళి గోడ పొడుగునా బిగిస్తాం. ఒక్కో మోటారు కింద ఒక్కో మనిషి, వాడి చేతిలో కత్తెర మెషీను. ఆ చోటును స్టాండు అంటాం. క్లెమ్‌ది మూడో స్టాండు, అతని తమ్ముడు లెస్‌ది నాలుగు. మీసాలు రాని రోజులనుంచీ ఇద్దరూ పక్కపక్కనే వంగి గొర్రెల ఒంటిమీది ఉన్ని ఒలిచినవాళ్ళు. తమ్ముడి పేరు లెస్, మాటలు కూడా లెస్, కోపం మాత్రం ఫుల్.

రెండేళ్ళ క్రితం క్లెమ్ మెషీను పళ్ళు ఉన్నట్టుండి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయాయి. అలా ఇరుక్కుంటే మోటారు తనంతట తాను ఆగిపోవాలి. కొత్తవి ఆగుతాయి. మూడో నంబరుది పాతది, ఆగదు. కొత్తది వస్తోంది, దారిలో ఉంది, మలుపు తిరుగుతోంది అని మా కాంట్రాక్టరు రస్ పార్‌ట్రిజ్ చెబుతూనే వచ్చాడు. పేరులో రస్ ఉన్నా ఆ మనిషిలో రసం లేదు, ఉన్నదంతా పిప్పే. ఆగని మోటారు మెషీన్‌ను తోక తొక్కిన తాచులా గాల్లోకి విసిరింది. మోకాళ్ళ మధ్య గొర్రె ఉండగానే క్లెమ్ వెనక్కి మెలితిరిగాడు. మొహం దక్కింది. నడుము పోయింది.

వెన్నులో డిస్క్ జరిగిందన్నారు. నెలల తరబడి మంచం. మెల్లగా మానింది. మానిందని స్కానే చెప్పింది. కానీ షెడ్డులో అడుగుపెట్టి మోటార్లు మోగడం విన్నాడో లేదో, నడుము పట్టేసేది. ఉన్ని షెడ్డులో పట్టు దొరికేది నీ నడుములోనేనోయ్ అని నేను జోకు వేశాను. పాపం నవ్వాడు. నవ్వినా నొప్పే.

పట్నంలో మోయిరా అనే ఫిజియో అతన్ని చూస్తోంది. ఆవిడ ఏం చెప్పిందో క్లెమ్ ఒకరోజు నా పక్కన బంగాళాదుంపలు చెక్కుతూ చెప్పాడు.

"దొంగ ఎప్పుడో పారిపోయాడు కుక్. కుక్కే ఇంకా మొరుగుతోంది."

"ఎవర్నిరా కుక్కంటున్నావ్?"

"నిన్ను కాదులే తల్లీ, నా నరాల్ని. గాయం మానింది గానీ, వెన్నులో నరాలూ పైన మెదడూ ఆ రోజు నేర్చుకున్నది మర్చిపోలేదట. మోటారు మోగగానే అదిగో మళ్ళీ వస్తోందని కండల్ని బిగించేస్తాయట. నన్ను కాపాడదామనే. ఆ బిగింపుకే నొప్పి. నొప్పి పుట్టిందంటే ఏదో ప్రమాదమేనని ఇంకా బిగింపు."

"నరం మధ్యలో 'క' దూరితే నరకం అన్నమాట."

"అదే. నువ్వు ఒక్క అక్షరంలో తేల్చేశావ్, ఆవిడకి గంట పట్టింది."

మోయిరా వైద్యం వినడానికి తమాషాగా ఉంటుంది. మోటార్ల చప్పుడు ముందు దూరంనుంచి, గడ్డిలో వెల్లకిలా పడుకుని, ఊపిరి వదులుతూ వినాలి. ఒళ్ళు ఊరుకుందంటే కాస్త దగ్గరికి జరగాలి. అలా జరిగి జరిగి క్లెమ్ షెడ్డు మెట్లదాకా వచ్చాడు. మిగతా వేళల్లో బయట దొడ్లలో గొర్రెలు తోలేవాడు.

లెస్ అది చూడలేకపోయేవాడు. "మా నాన్న నిలబడ్డ స్టాండు బూజు పట్టి ఉంటే, మా వాడు గడ్డిలో పడుకుని సంగీతం వింటున్నాడు" అనేవాడు. తర్వాత అదీ మానేశాడు. భోజనాల బల్ల దగ్గర అన్నకు ఉప్పు అందించాలన్నా నా చేతికిచ్చి నా చేత ఇప్పించేవాడు.

ఇంతలో ఆ వీడియో వచ్చింది. ఒక ఆదివారం క్లెమ్ పక్క పొలంవాళ్ళ ముసలి పొట్టేలుకు చేతి కత్తెరతో ఉన్ని తీసిపెట్టాడు. వాళ్ళమ్మాయి ముచ్చటపడి ఫోన్‌లో తీసి నలుగురికీ పంపింది. మా లోకంలో ఎవడికైనా తెలిసిన సంగతి ఒకటుంది: చేతి కత్తెరతో పొట్టేలును ఒలవడం మెషీన్ పని కన్నా నడుముకు రెట్టింపు చాకిరీ. అది చేయగలిగినవాడు ఇది చేయలేననడం అబద్ధం. షెడ్డంతా అదే లెక్క వేసింది. లెస్ ఆ వీడియోను నా వంటగదిలో నిలబడి మూడుసార్లు చూసి, ఫోన్‌ను పిండి డబ్బాలోకి విసిరాడు.

రస్‌కు కావలసింది అదే. బీమా కంపెనీ తరఫు డాక్టరు ఫెనిక్‌ను షెడ్డుకే పిలిపించాడు. ఫిట్ అని ఆయన రాస్తే మోయిరా వైద్యం బంద్. క్లెమ్ సోమవారం మూడో స్టాండులో నిలబడాలి, లేదా బృందం వదిలి పోవాలి. ఫిట్ అన్న మాటకే నాకు ఫిట్స్ వచ్చేలా ఉన్నాయి.

డాక్టరు స్మోకో వేళకు వచ్చాడు, అంటే మోటార్లన్నీ ఆపి అందరూ టీ కప్పులతో ఉన్ని మూటల మీద కూర్చునే వేళకు. నేను ట్రేలో స్కోన్‌లనే చిన్న రొట్టెలు, జామ్ పట్టుకొచ్చాను. రస్ ఒకటి అందుకోబోయాడు. ట్రే పక్కకు తిప్పాను.

"సరే క్లెమ్," అన్నాడు రస్ తీయగా. "దొడ్లో పొట్టేలుంది. ఆ వీడియోలో చేసిందే డాక్టర్‌గారికీ చూపించు."

"చూపిస్తా," అన్నాడు క్లెమ్. "మోయిరా రాసిందేదో ఆయన చదివాడా?"

"చదివానండీ హానగన్ గారూ," అన్నాడు డాక్టరు. "కానీ నేను నా చేత్తో చూసిందే నమ్ముతాను."

ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

క్లెమ్ పొట్టేలును ఈడ్చుకొచ్చి, కూలేసి, వంగాడు. చేతి కత్తెర కిచకిచలాడింది. తెల్లటి ఉన్ని మడతలు మడతలుగా జారింది. డాక్టరు అతని నడుము మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మెత్తగా ఉంది," అన్నాడు. "కండరాలు చక్కగా పనిచేస్తున్నాయి. ఇది మంచి వార్తేనండీ."

"చెప్పాగా!" రస్ తొడ చరిచాడు. "రెండేళ్ళుగా నటన!"

"నటన కాదు రస్, నట్టు," అన్నాను నేను. "నీ మోటారు నట్టు. అది సరిగ్గా ఉంటే ఈ గోలే లేదు."

"నువ్వు కూర సంగతి చూసుకో కుక్."

మూలనుంచి టీ కప్పు ఎగిరొచ్చి గోడకు తగిలి పగిలింది. లెస్ లేచాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నీ ఖాళీ స్టాండు పక్కన తలొంచుకు పనిచేశాన్రా నేను," అని అరిచాడు అన్న మీద. "వీళ్ళందరి నవ్వులూ నేను మోశా! దీనికి వంగుతుంది కదా నీ నడుం? అయితే రా! దీనికీ వంగు!"

అంటూ మూడో మోటారును నడిపించే తాడు లాగాడు.

క్లెమ్ వీపు అటు తిరిగి ఉంది. తమ్ముడి చెయ్యి తాడు మీదికి పోవడం అతను చూడలేదు. మోటారు గుర్రుమంది.

కత్తెర క్లెమ్ చేతిలోంచి జారి చెక్కల మీద పడింది. వెన్నుకు అటూ ఇటూ రెండు కండలు బనీను కిందనుంచి మోకుల్లా లేచాయి. డాక్టరు వేడి పెనం ముట్టుకున్నట్టు చెయ్యి తీసేశాడు, మళ్ళీ పెట్టాడు, వేళ్ళతో నొక్కాడు. వేళ్ళు దిగలేదు. క్లెమ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముక్కు కొసనుంచి చెమట కారుతోంది. సగం ఒలిచిన పొట్టేలు కాళ్ళు విదిలించుకుని, లేచి, ఉన్నిని గౌనులా ఈడ్చుకుంటూ మా మధ్యలోంచి నడిచిపోయింది. ఎవడూ నవ్వలేదు.

లెస్ చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. అన్న వీపునే చూస్తున్నాడు. దాన్ని రెండేళ్ళుగా చూడడం మానేశాడు మరి. చటుక్కున మోటారు ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో క్లెమ్ ఒక్కో ఊపిరీ వదులుతూ, గోడ పట్టుకుని, ఏ పది నిమిషాలకో నిటారుగా నిలబడ్డాడు.

రస్ గొంతు సవరించుకున్నాడు. "అంటే... చప్పుడుకి భయం. అంతే కదా? మనసులోది. నిజం నొప్పి కాదు."

నా ట్రే కింద పడింది. కింద పడిందనడం మర్యాద, నేనే వేశాను.

"మనసు ఎక్కడుంటుందిరా, నీ కారు డిక్కీలోనా? డిస్క్ సంగతి నీలాంటి డెస్క్ మనిషికి ఏం తెలుస్తుంది? ఆ వీపు నువ్వు ముట్టుకున్నావా? ఆయన ముట్టుకున్నాడు, అడుగు!"

డాక్టరు తన అరచేతిని చూసుకుంటున్నాడు. "భయంతో మొదలైనా బిగిసింది కండే," అన్నాడు నెమ్మదిగా. "అలా కావాలని బిగించడం ఎవరివల్లా కాదు. అయితే... రాసేముందు ఇంకోసారి చూస్తే బాగుంటుంది. ఖాయం చేసుకోవడానికి."

క్లెమ్ పాలిపోయిన మొహంతో నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. బిచ్చమెత్తుకునేవాడు పుండు చూపించినట్టు, మనిషి తన నొప్పిని మళ్ళీ మళ్ళీ ఆడించి చూపిస్తే తప్ప నమ్మరా?

"చూడండి," అన్నాడు క్లెమ్, గోడవైపు తిరుగుతూ. "రెండేళ్ళు మోశాను, ఇంకోసారి మొయ్యలేనా? లాగు లెస్."

లెస్ తాడు వదిలేశాడు.

"లాగు అంటున్నా కదా."

"లాగను."

"ఆయన రాయాలిరా!"

"రాస్తే రాస్తాడు, లేకపోతే పోతాడు. నేను లాగను." లెస్ డాక్టరు వైపు తిరిగాడు. "ఇంకోసారి కావాలంటే తమరు ఆ చోట వంగండి సార్. ఆ మెషీన్‌ను మీ మొహమ్మీదికి విసురుతా. రేపట్నుంచి ఈ చప్పుడు వింటే ఎలా ఉంటుందో అప్పుడు రాయండి."

డాక్టరు ఎర్రబడ్డాడు. "అక్కర్లేదు," అన్నాడు. "నా చేతికి తెలిసింది రాస్తాను. ఫిజియో ఆగకూడదనీ రాస్తాను." చెయ్యి చాపాడు. క్లెమ్ కలపలేదు.

రస్ వాచీ చూసుకుని గంట కొట్టాడు. స్మోకో అయిందంటే పనిలోకి దిగాల్సిందే, మా దగ్గర గంటకు ఎదురులేదు. కానీ ఆ రోజు ఎవరి చెయ్యీ తాడు మీదికి పోలేదు. మూటల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. రస్ మళ్ళీ కొట్టాడు. ఒకడు స్కోన్ మీద దుమ్ము దులిపి తాపీగా జామ్ రాసుకున్నాడు.

లెస్ ఒక పానా వెతికి తెచ్చి, మూడో మోటారు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"అది కంపెనీ సొత్తు!" అరిచాడు రస్.

"కొత్తది మలుపు తిరుగుతోందిగా," అన్నాడు లెస్. "దానికి చోటు చేస్తున్నా."

చివరి బోల్టు ఊడి మోటారు బరువంతా మీద పడేసరికి లెస్ తూలాడు.

"మోకాళ్ళు వంచరా గాడిదా," అన్నాడు క్లెమ్. "నడుం పోతుంది."

లెస్ మోకాళ్ళు వంచాడు. అన్నకేసి చూడకుండానే, ఆ ఇనుప ముద్దను మోసుకుంటూ పోయి, మెట్ల అవతల బురదలో పడేశాడు. తిరిగొచ్చేటప్పుడు సగం ఒలిచిన పొట్టేలును కొమ్ములు పట్టి అన్న ముందుకు లాక్కొచ్చాడు.